తోటలో అతిథులకు బస – మెచ్చునది, నొచ్చునది
(ఇబ్రహీంపట్నములో రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన ఇబ్రహీంపట్నము హైదరాబాదు నగరమునకు చేరువనే సాగర్ రోడ్డుపై ఉన్నది. ఇక్కడ కుతుబ్‌షాహీల నాటి పెద్దచెరువు కలదు. రాచకొండ గుట్టలును దూరము కావు. సెలవు దినములలో నగరవాసులు చెట్టునీడ వెదకుకొనుచు ఈ వైపు వచ్చుట మీరు చూచుచునే ఉన్నారు. తోటలో నాలుగు గుడారములు వేసి, బసయు భోజనమును ఇచ్చి నాలుగు రూకలు సంపాదింపరాదా అను ఆలోచన మీలో కొందరికి కలుగుట సహజము. నేటి నా ప్రసంగము ఆ విషయమును గూర్చియే.

ఇది క్రొత్త పని కాదు. ఇటలీ దేశమున రైతులు తమ క్షేత్రములలో అతిథులకు బస ఇచ్చుటకు 1985లోనే ఒక చట్టము చేసిరి. సేద్యము ముఖ్యముగను, అతిథుల బస దానికి తోడుగను ఉండవలెనని అందలి నియమము. మన దేశమున మహారాష్ట్రము ఈ మార్గమున ముందు నడచినది. అచ్చటి ప్రభుత్వము 2020లో వ్యవసాయ పర్యాటకమునకు ఒక విధానమును ప్రకటించినది.

ఇక నేను స్వయముగా చూచిన సంగతి చెప్పెదను. ఒక చలికాలమున ఒక రైతు కుటుంబము నడుపు గుడారాల బసలో మేము రెండు రాత్రులు ఉంటిమి. వారి పేరు చెప్పుట న్యాయము కాదు. యజమాని, భార్య, కొడుకు, కోడలు – ఈ నలుగురే పని అంతయు చేయుచుండిరి. గుడారములకు, మరుగుదొడ్లకు అప్పు తెచ్చి పెట్టిరి. మాతోపాటు ఒక వృద్ధ దంపతుల జంట, చంటిబిడ్డతో ఒక కుటుంబము, నగరమున ఉద్యోగము చేయు యువకులు కొందరు దిగిరి.

జొన్నరొట్టె, వంకాయకూర, పచ్చిపులుసు అందరును మెచ్చిరి. ఆ ఇంటివారి ఆదరణలో వంక పెట్టినవారు లేరు. అయినను రెండవనాటి ఉదయమునకు ముగ్గురు అతిథులు కినుకతో ఉండిరి. యువకుల పాటల పెట్టె అర్ధరాత్రి దాటువరకు మ్రోగుటచే వృద్ధులకు కునుకు పట్టలేదు. చంటిబిడ్డ తల్లి చీకటిలో మరుగుదొడ్డికి చాలదూరము నడువవలసి వచ్చినది; బిడ్డకు వేడినీరు దొరకలేదు. యజమాని వచ్చి పాటలు ఆపుమన్నందుకు యువకులును అలిగిరి. “మీ ఇష్టమని ముందు చెప్పితిరి గదా” అని వారి వాదము. వృద్ధులు సగము సొమ్ము తిరిగి అడుగగా యజమాని మారుమాట లేక ఇచ్చివేసెను. ఆ సందడిలో ఆనాడు కోయవలసిన టమాటా చెట్లమీదనే ఉండిపోయినది.

మేము బయలుదేరునపుడు ఆ ఇల్లాలు ఇట్లనెను: “ఫోన్ల ఏదడిగినా ఉన్నదనే చెప్పినం సార్. లేదంటే వస్తరో రారో అని బుగులు.”

సోదరులారా, చిక్కంతయు ఆ మాటలోనే ఉన్నది. మరుగుదొడ్డి దూరమని ముందే తెలిసినవాడు టార్చిలైటు వెంట తెచ్చుకొనును. తెలియనివాడు మోసపోతినని తలచును. వసతి తక్కువైనందుకు గాక, చెప్పినదానికిని చూచినదానికిని పొత్తు లేనందుకే అతిథి నొచ్చుకొనును.

కావున ఈ పనికి పూనుకొనువారు గమనింపవలసినవి చెప్పెదను.

మొదటిది – మాట. మరుగుదొడ్డి ఎంత దూరము, వేడినీరు కలదా, కారు గుడారము వరకు వచ్చునా, ఏ భోజనము పెట్టుదురు అనునవి అడుగకమునుపే చెప్పవలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆరుబయట మైకులు మ్రోగింపరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. దీనిని సొమ్ము పుచ్చుకొనకముందే తెలుపుడు.

రెండవది – నీరు. మరుగుదొడ్డి గుంట బావికి, బోరుకు కనీసము 50 అడుగుల దూరమున ఉండవలెను. మన పొరుగున నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడు బాధ మీరెరిగినదే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. కాచినందువలన ఫ్లోరైడు పోదు. కావున బోరు నీటిని పరీక్ష చేయించిన పిదపనే త్రాగుటకు ఇయ్యవలెను.

మూడవది – రాత్రి భద్రత. కట్లపాము నేలపై నిద్రించువారిని కరచుట కలదు. అతిథులకు మంచములు వేయుడు. మరుగుదొడ్డి దారిలో దీపముంచుడు. పాము కరచినచో గాయమును కోయుట, గట్టిగా కట్టుట కూడదు. మనిషిని కదలనీయక 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. పురుగుమందులు తాళము వేసిన గదిలో ఉండవలెను. అతిథులున్న దినములలో మందు కొట్టరాదు. బావికి గోడ ఉండవలెను; మోటారు తీగలు పిల్లలకు అందరాదు.

నాలుగవది – లెక్క. వచ్చిన సొమ్ము ఒక వైపు, బియ్యము, కట్టెలు, కరెంటు, అప్పు వడ్డీ మరియొక వైపు వ్రాయుడు. ఇంటి ఆడువారి చాకిరికి కూలి కట్టి ఖర్చులో చేర్చుడు. పొలమున చెడిన పంటను సైతము చేర్చుడు. అప్పుడు గాని నిజమైన లాభము తెలియదు. కోతల దినములలో అతిథులను తగ్గించుకొనుట మేలు. భోజనము అమ్మువారు 2006 ఆహార భద్రతా చట్టము క్రింద పేరు నమోదు చేయించుకొనవలెను. వచ్చినవారి పేర్లు, చిరునామాలు పుస్తకమున వ్రాసి ఉంచవలెను.

అయిదవది – ఫిర్యాదు. అతిథి నొచ్చుకొన్నపుడు వాదింపక పూర్తిగా వినుడు. ఒకే మాట ఇద్దరు చెప్పినచో అది సవరింపవలసిన లోపమేయని తెలిసికొనుడు.

మరుసటి చలికాలమునకు ముందు ఆ ఇంటికి నేను ఫోను చేసితిని. నేనెవరినో చెప్పకముందే ఆ ఇల్లాలు అందుకొనెను: “బాత్రూం గుడారానికి దూరమున్నది, లైటు పెట్టినం. రాత్రి పది దాటితే పాటలు బంద్. చిన్నపిల్లలుంటే చెప్పున్రి, నీళ్లు కాచి పెడ్తం.” ఈ మాట విని కొందరు మానుకొనుచున్నారనియు, వచ్చినవారితో మాత్రము పేచీ లేదనియు ఆమె చెప్పెను. టమాటా సంగతి అడిగితిని. “ఏరే రోజుల్ల ఎవ్వరిని రానిస్తలేము సార్” అనెను.