ఉత్తరాన మన రేవు

అమలాపురం నుంచి బయల్దేరిన బియ్యం లారీ ముమ్మిడివరం దాటి, ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కి, యానాం మీదుగా ఉత్తరానికి సాగితే చేరేది కాకినాడ రేవు.

నిజానికి అక్కడున్నవి రెండు రేవులు. పాతది యాంకరేజి పోర్టు. గట్టు దగ్గర లోతు చాలదు కనుక పెద్ద ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది. జెట్టీ దగ్గర కళాసీలు బస్తాలను బార్జీల్లోకి ఎక్కిస్తారు. టగ్గులు బార్జీలను ఓడ పక్కకు లాక్కుపోతాయి. అక్కడ ఓడ క్రేన్లే సరుకును పైకెత్తుకుంటాయి. సముద్రం పొంగితే పని ఆగినట్టే. నిదానమే అయినా ఎన్నో కుటుంబాలకు అన్నం పెడుతున్న పద్ధతి ఇది. తక్కువగా చూడదగ్గది కాదు.

ఈ పనంతా సాగడానికి హోప్ ఐలాండ్ అండ. గోదావరి తెచ్చిన ఇసుక, ఒండ్రు పేరుకుని ఏర్పడిన సుమారు 16 కిలోమీటర్ల దిబ్బ అది. బంగాళాఖాతం అలలను అదే ఆపుతోంది. ఏ ఇంజనీరూ కట్టిన గోడ కాదు.

రెండోది 1997లో మొదలైన డీప్ వాటర్ పోర్టు. ఇక్కడ ఓడ నేరుగా బెర్తుకు ఆనుతుంది. యాంకరేజిలో రద్దీ పెరగడంతో 2021లో బియ్యం ఎగుమతికీ దీన్ని తెరిచారు. కృష్ణా గోదావరి బేసిన్‌లోని సముద్రపు రిగ్గులకు సామగ్రి మోసే ఓడలూ ఇక్కడి నుంచే బయల్దేరతాయి.