మందుకు వేళ ఎందుకు?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్ఫై ఏళ్ళకు పైగా దవాఖానల్లో మందులు ఇచ్చిన ఫార్మసిస్టును. పాతవాళ్ళు నన్ను ఇప్పటికీ కాంపౌండర్ సాబ్ అనే పిలుస్తారు. రోగం ఏమిటో తేల్చడం నా పని కాదు. డాక్టరు రాసిన చిట్టీ పట్టుకొని కిటికీ దగ్గరికి వచ్చిన మనిషికి గోలీలు లెక్కపెట్టి ఇచ్చి, ఎట్లా వాడాలో చెప్పడం నా పని. వరుస పెద్దది. ఒక్కొక్కరికి అర నిమిషం కూడా దొరికేది కాదు. ఆ కిటికీ దగ్గర చెప్పలేకపోయిన మాటలే ఇవ్వాళ చెబుతాను.

చిట్టీ మీద "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అయిదు రోజులు" అని ఉంటుంది. మనవాళ్ళు గోలీ పేరు చూస్తారు, రంగు చూస్తారు, ధర చూస్తారు. పొద్దున, రాత్రి, అయిదు రోజులు అన్న మాటలు మాత్రం మర్యాదకు రాసినవి అనుకుంటారు. మందు పని చెయ్యలేదని తిరిగి వచ్చినవాళ్ళను నిదానంగా అడిగితే, చాలాసార్లు తప్పు ఆ మాటల దగ్గరే దొరికేది.

దీనికి పెద్ద పుస్తకాలు అక్కర లేదు, మన చెరువు చాలు. బయ్యారం చెరువును కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిందని ఇక్కడి శాసనం చెబుతోంది. వాగు నుంచి నీరు వస్తుంది, తూముల గుండా పోతుంది. నీటిమట్టం మరీ కిందికి దిగితే చివరి పొలానికి చుక్క పారదు. మత్తడి మీద నుంచి దూకి ఇంకా పెరిగితే కట్టకే చేటు. రక్తంలో మందు సంగతీ ఇంతే. కింద ఒక గీత, పైన ఒక గీత. కింది గీతకు దిగితే మందు ఉన్నా లేనట్టే, పై గీత దాటితే విషం. కార్జం, కిడ్నీలు రెండూ తూముల వంటివి. మనం పోసిన మందును అవి రాత్రింబగళ్ళు బయటికి పంపుతూనే ఉంటాయి.

అయితే అన్ని మందులూ ఒకే తీరుగ పోవు. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ సగానికి తగ్గడానికి రెండు మూడు గంటలు చాలు. బి.పి.కి ఇచ్చే అమ్లోడిపిన్ సగానికి దిగాలంటే ఒకటిన్నర రోజు, కొందరిలో రెండు రోజులు కూడా పడుతుంది. అందుకే మొదటిది రోజులో మూడు నాలుగు సార్లు, రెండవది ఒక్కసారి. డాక్టరు వేళ రాయడం వెనక ఉన్న లెక్క ఇది. పొద్దున మరిచిపోయిన గోలీని రాత్రి గోలీతో కలిపి రెండు మింగేవాళ్ళు ఉన్నారు. అది రెండు వానలు ఒకేసారి చెరువులోకి వదలడం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకూ, ముసలివాళ్ళకూ తూము సగం మూసుకొని ఉంటుంది. వాళ్ళకు ఇచ్చే మోతాదు పక్కింటి పడుచు మనిషి మోతాదు కాదు.

పారాసిటమాల్ పేరు ఎత్తాను గనక ఒక మాట. అందరికీ తెలిసిన గోలీ, సరిగ్గా వాడితే మంచి గోలీ. కానీ పెద్దవాళ్ళయినా రోజు మొత్తానికి నాలుగు గ్రాములు దాటకూడదు. అంటే 500 మిల్లీగ్రాములవి ఎనిమిది, 650వి ఆరు. తాగుడు అలవాటు ఉన్నవాళ్ళకు, కార్జం చెడినవాళ్ళకు అంత కూడా పనికి రాదు. జలుబుకు, ఒళ్ళు నొప్పులకు అమ్మే గోలీల్లో చాలావాటిలో ఇదే మందు కలిసి ఉంటుంది. పేరు వేరు గనక మందు వేరు అనుకొని రెండూ మింగితే లెక్క తప్పుతుంది. పిల్లలకు వయసును బట్టి కాదు, బరువును బట్టి ఇవ్వాలి. కిలోకు పది నుంచి పదిహేను మిల్లీగ్రాములు, ఒక్క దఫాకు. ఇంట్లో చెంచాలు ఒక్కటి ఒక్క సైజు. సీసాతో వచ్చిన కొలత మూతను పారేసుకోకండి. నిమెసులైడ్ అనే జ్వరం మందును పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వకూడదని 2011లోనే ప్రభుత్వం నిషేధించింది. పాత సీసా ఏదన్నా ఇంట్లో మిగిలి ఉంటే తీసేయండి.

ఇక అయిదు రోజులు, పద్నాలుగు రోజులు అన్న మాట ఎందుకో చెబుతాను. మనది గుట్టల పక్క ఊరు, చలి జ్వరం కొత్త కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ మొదట చూసింది కూడా ఎక్కడో కాదు, మన సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న. మలేరియాలో వైవాక్స్ అనే రకానికి మన దేశంలో క్లోరోక్విన్ మూడు రోజులు, దానితో పాటు ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు ఇస్తారు. మూడో రోజుకు చలి పోతుంది, జ్వరం పోతుంది, నాలుగో రోజు మనిషి నాటుకు పోతాడు. మిగతా గోలీలు చూరులో చెక్కుతాడు. నెలలు గడిచాక మళ్ళీ చలి. "మందు దమ్ములేనిది ఇచ్చిండ్రు" అని నా మీదికి వచ్చేవాళ్ళు.

అసలు జరిగేది వేరు. క్లోరోక్విన్ చంపేది రక్తంలో ఉన్న క్రిములను. వైవాక్స్ క్రిములు కొన్ని కార్జంలో దాక్కొని నిద్రపోతాయి. వాటికి జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, రక్తపరీక్షకు దొరకవు. ఆ నిద్రపోయేవాటి కోసమే ఈ పద్నాలుగు రోజుల గోలీ. ఒంట్లో బాగున్నప్పుడు మింగవలసిన మందు అది, చిక్కంతా అక్కడే. ఇంకో సంగతి కూడా ఉంది. గర్భిణులకు, పసిపిల్లలకు ఇది ఇవ్వరు. కొందరి రక్తంలో జి-6-పి.డి. అనే పదార్థం పుట్టుకతోనే తక్కువ. అట్లాంటివాళ్ళు మింగితే ఎర్రకణాలు చితికిపోయి మూత్రం నల్లగా వస్తుంది. కనుక తమ్మునికి మిగిలిన గోలీలు అన్నకు పనికొస్తాయనుకోవడం ప్రమాదం. మూత్రం రంగు మారితే ఆపి వెంటనే దవాఖానకు రావాలి.

ఏంటిబయాటిక్ మందుల గురించి చెప్పేటప్పుడు మన తెలుగువాణ్ణి తలుచుకోకుండా ఉండలేను. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, తానూ దానితో బాధపడ్డారు. అమెరికా వెళ్ళి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనను నడిపించారు. ఆయన కింద పనిచేసిన డగ్గర్ గారు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. బోదకాలు రాకుండా ఇంటింటికీ తెచ్చి ఎదుట నిలబడి మింగించే డి.ఇ.సి. గోలీ కూడా ఆయన బృందం తెచ్చినదే. దాన్ని అరచేతిలో దాచి సిబ్బంది పోయాక పారేసేవాళ్ళను నేను చూశాను. ఆయన సంగతి తెలిస్తే పారేసేవాళ్ళు కాదేమో.

టెట్రాసైక్లిన్‌ను పాలతో మింగితే పాలలోని కాల్షియం దాన్ని పట్టుకుంటుంది, మందు రక్తంలోకి సరిగా చేరదు. "వేడి చేస్తది, పాలు తాగి వేసుకో" అన్న సలహా ఇక్కడ పనికిరాదు, నీళ్ళే మేలు. ఏంటిబయాటిక్ ఏదైనా బాక్టీరియా మీదనే పని చేస్తుంది. మామూలు జలుబు వైరస్‌తో వచ్చేది, దాన్ని ఈ మందు తాకదు కూడా. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ గారు 1945లో తన నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించారు, చాలీచాలని మోతాదు వేస్తే క్రిములు చావకుండా మందుకు అలవాటు పడతాయని. ఎన్ని రోజులు అన్నది జబ్బును బట్టి ఉంటుంది. కొన్నిటికి మూడు రోజులు చాలు, మామూలు టి.బి.కి ఆరు నెలలు. ఆ లెక్క డాక్టరుది. పెంచడానికీ తగ్గించడానికీ మనం ఎవరం? షీటు మీద నిలువునా ఎర్ర గీత ఉంటే అది చిట్టీ లేకుండా కొనవలసిన మందు కాదని గుర్తు.

నొప్పుల గోలీల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మన చిన్నతనంలో ఊరి బయట చచ్చిన గొడ్డు మీద రాబందులు వాలేవి. ఇప్పటి పిల్లలకు రాబందు అంటే బొమ్మ చూపాలి. 1990 తరువాత దేశమంతటా అవి కుప్పకూలినట్టు పోయాయి. కారణం 2004లో తేలింది. పశువులకు నొప్పికి వేసిన డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలిపోతే, దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు చెడి చచ్చిపోయాయి. 2006లో పశువులకు ఆ మందును మన దేశంలో నిషేధించారు. మనుషులకు ఇప్పటికీ అమ్ముతారు. మన ఒళ్ళు రాబందు ఒళ్ళు కాదు, మనకు అంత కొంచెం మోతాదుతో ప్రాణం పోదు, నిజమే. అట్లాగని మన కిడ్నీలకు ఇది చుట్టమూ కాదు.

నొప్పి, వాపు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు ఒంట్లో తయారు కాకుండా ఈ గోలీలు అడ్డుపడతాయి. అవే పదార్థాలు కడుపు పొరను కాపాడతాయి, నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం ఆగకుండా చూస్తాయి. ఇప్పుడు మిర్చి ఏరడానికి పోయే ఆడవాళ్ళను తలుచుకోండి. ఎండ, చెమట, తాగేది రెండు లోటాల నీళ్ళు. సాయంత్రం నడుము పట్టేస్తే షాపులో ఒక గోలీ. మరునాడు మళ్ళీ అదే. బి.పి.కి టెల్మిసార్టాన్ లాంటి మందో, నీరు దిగే గోలీయో కూడా వాడుతుంటే దెబ్బ రెండింతలు. ఒకటి రెండు రోజులు, అన్నం తిన్నాక, నీళ్ళు బాగా తాగుతూ వేసుకుంటే చాలామందికి ఇబ్బంది ఉండదు. నెలల తరబడి వేసుకోవలసి వస్తే అది గోలీతో తీరే నొప్పి కాదు, డాక్టరుకు చూపాలి.

ఇంకొకటి, పేరు లేని కాగితం పొట్లంలో వచ్చే గోలీలు. "రెండు వేసుకుంటే కాళ్ళు పరుగెత్తుతయ్" అని చెప్పి ఇస్తారు. అంత మహిమ కనబడితే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని నాకు అనుమానం. స్టెరాయిడ్ ప్రాణాలు నిలిపే మందే, నేను కాదనను. కానీ నెలల తరబడి బయటి నుంచి ఇస్తుంటే ఒళ్ళు తనంతట తాను తయారు చేసుకోవడం మానుకుంటుంది. అప్పుడు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. కనుక అట్లాంటివి వాడుతున్నవాళ్ళు భయపడి పారేయకండి, పొట్లం తీసుకొని డాక్టరు దగ్గరికి పొండి.

చివరికి మన ఇండ్లలోని సంగతి. షుగర్ ఉన్నవాళ్ళు రంజాన్‌లో రోజా ఉండడం. ఈ మాట చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది, తప్పు నాదే గనక.

మా అమ్మీకి షుగర్. గ్లిమెపిరైడ్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రంజాన్ వచ్చింది. నేను ఇంట్లోనే ఉన్న ఫార్మసిస్టును, ఎవరినీ అడగలేదు. "పొద్దునది సహరీకి, రాత్రిది ఇఫ్తార్‌కు" అని చెప్పేశాను. ఆరో రోజా నాడు అసర్ నమాజు తరువాత అమ్మీ చాప మీద నుంచి లేవలేదు. ఒళ్ళంతా చెమట, మాట తడబడుతోంది. వేలు గుచ్చి చూస్తే మిషన్ మీద 46. చక్కెర నీళ్ళు కలిపి తెస్తే నోరు మూసుకుంది. "గంట సేపు ఆగు బేటా" అంటుంది. తల పట్టుకొని బలవంతాన తాగించాను. ఇంకా మింగే తెలివి ఉంది గనక సరిపోయింది. తెలివి తప్పినవాళ్ళ నోట్లో ఏదీ పొయ్యకూడదు, 108కి ఫోన్ చేయాలి. షుగర్ పెరిగాక కూడా ఆ రాత్రి దవాఖానలోనే ఉంచారు. మింగిన గోలీ ఇంకా రక్తంలో ఉంది, మళ్ళీ పడిపోవచ్చునని.

ఆ గోలీ చేసే పని ఇన్సులిన్‌ను బయటికి తోయడం. కడుపులో తిండి ఉందా లేదా అని అది చూడదు. పదమూడు పద్నాలుగు గంటలు తిండి లేనప్పుడు పొద్దుటి మోతాదును అట్లాగే సహరీకి జరపడం నేను చేసిన పొరపాటు. డాక్టర్లు సాధారణంగా ఇటువంటి గోలీలో ముఖ్యమైన మోతాదు ఇఫ్తార్ వేళకు పెట్టి, సహరీది తగ్గిస్తారు. ఇన్సులిన్‌కూ మోతాదు మారుతుంది, కానీ మనంతట మనం పూర్తిగా మానేయకూడదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు షుగర్ పడిపోయే భయం తక్కువ. ఇవన్నీ మనిషిని బట్టి మారతాయి. కనుక నెలపొడుపు చూసినాక కాదు, ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే, రజబ్ నెలలోనే డాక్టరును కలవాలి. కొందరికి రోజా వద్దనే చెబుతారు. రోగులకు ఆ సడలింపు ఖురాన్‌లోనే ఉన్నదని ఇక్కడి పెద్దలకు నేను చెప్పనక్కర లేదు. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని ఉలమా చెబుతున్నారు. 70 కంటే దిగినా, 300 దాటినా గంట ఆగకుండా విరమించాలి.

అమ్మీ ఆ తరువాత ఆరేండ్లు బతికింది. నన్ను చూసినప్పుడల్లా "నా రోజా విరగ్గొట్టినావు గదరా" అనేది. నవ్వుతూనే అనేది. కానీ ఆ ఒక్క రోజా ఖజా చెల్లించేదాకా ఊరుకోలేదు, అదీ చలికాలంలో, డాక్టరును అడిగి.

ఎవరి ఇంట్లోనన్నా మందుల సంచి ఉంటే, భోజనాలు అయ్యాక నేను ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను, తెండి. మంచివీ, తేదీ దాటినవీ, పేరు లేని పొట్లాలూ అన్నీ తెండి. చిట్టీలు కూడా.