అక్షరం తెచ్చిన ఓటు – యువత కర్తవ్యం



ఉగాది ఉత్సవ సభలో ఓటు గురించి మాటలెందుకని కొందరికి తోచవచ్చు. అయితే ఈ మారిషస్ దీవిలో మన భాషకూ ఓటుహక్కుకూ గల సంబంధం మన పిల్లలలో చాలామందికి తెలియదు. దానిని వారికి చెప్పవలసిన బాధ్యత మనదే.

కోరంగి రేవులో ఓడ ఎక్కి, చెరకు తోటలలో కూలి పనికి వచ్చిన మన పూర్వులను ఇక్కడివారు 'కోరంగీలు' అని పిలిచారు. వారు చెమటోడ్చి ఈ నేలను పండించారు. కాని ఈ దేశ పరిపాలనలో వారి మాటకు చోటు దక్కలేదు. 1885 నాటి రాజ్యాంగం ఆస్తి, ఆదాయం గలవారికే ఓటు ఇచ్చింది. అరవై ఏళ్ళకు పైగా అదే పద్ధతి సాగింది.

1947లో వచ్చిన రాజ్యాంగం ఆ తలుపును కొంత తెరిచింది. దీవిలో వాడుకలో ఉన్న ఏదైనా ఒక భాషలో చిన్న వాక్యాలు చదివి వ్రాయగల వయోజనులు, స్త్రీలైనా పురుషులైనా, ఓటర్లు కావచ్చునన్నది. ఆ భాషలలో ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్తానీ, తమిళంతో పాటు మన తెలుగు కూడా ఉన్నది. అంటే, తెలుగులో నాలుగు ముక్కలు వ్రాయగలిగిన తోట కూలీ కూడా ఓటరు కాగలిగాడు!

ఆ రోజులలో బాస్‌దేవ్ బిస్సూన్‌దయాల్ గారి జన ఆందోళన్ కార్యకర్తలు ఊరూరా తిరిగి, పగలంతా కష్టపడి వచ్చినవారికి చదువు నేర్పారు. 1948 ఆగస్టు ఎన్నికల నాటికి ఓటర్ల సంఖ్య సుమారు 12 వేల నుండి 70 వేలు దాటింది. 1959 ఎన్నికలలో చదువు నిబంధన కూడా పోయి, 21 ఏళ్ళు నిండిన వారందరికీ ఓటు వచ్చింది.

ఇక ఆ వయసు 18కి తగ్గడంలో విద్యార్థుల పాత్ర చిన్నది కాదు. 1975 మే 20న వేలాది విద్యార్థులు చదువులో మార్పులు కోరుతూ పోర్ట్ లూయీ వైపు నడిచారు. గ్రాండ్ రివర్ వంతెన వద్ద పోలీసులు బాష్పవాయువు వదిలి వారిని ఆపారు. ఆ తరువాత ప్రభుత్వం ఓటు వయసును 18కి దించింది. 1976 డిసెంబరు ఎన్నికలలో 18 ఏళ్ళవారు తొలిసారి ఓటు వేశారు. 1977లో మాధ్యమిక విద్య ఉచితమయింది. ఓటు లేని పిల్లలు సాధించినది ఇంత ఉన్నప్పుడు, ఓటు చేతిలో ఉన్న నేటి యువత ఎంత సాధించగలదో ఆలోచించండి.

మన దీవిలోని 20 నియోజకవర్గాలలో ఒక్కొక్క ఓటరు ముగ్గురు సభ్యులను ఎన్నుకోవాలి. ఆ మూడు గుర్తులు పెట్టేముందు అభ్యర్థులను అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మా ఊరికి నీళ్ళు సరిగా వస్తాయా? చదివిన పిల్లలకు ఇక్కడే పని దొరుకుతుందా, లేక వారు విదేశాలకు పోవలసినదేనా? బడిలో తెలుగు బోధన నిలుస్తుందా? ఎన్నికల రోజులలో జెండాలు కట్టడానికి, ఊరేగింపులకు యువకులు కావాలి. కాని నిర్ణయాలు చేసే బల్ల దగ్గర కూడా వారికి కుర్చీ ఉండాలి. అది ఎవరో ఇచ్చేదాకా కూర్చుంటే రాదు; అడిగి తీసుకోవాలి.

పెద్దలకు ఒక మనవి. ఇంట్లో రాజకీయం మాట్లాడండి, వాదించండి. కాని ఫలానా వారికే వేయమని ఆజ్ఞ పెట్టకండి. మనవాడా కాదా అని కాక, మంచివాడా, పనిచేసేవాడా అని చూడడం పిల్లలకు నేర్పండి. ఓటు ఇంటిది కాదు, మనిషిది. కోడలి ఓటు కోడలిదే, మనవరాలి ఓటు మనవరాలిదే.

యువతీయువకులకు ఒక మాట. ప్రజాస్వామ్యం పార్లమెంటులో మొదలు కాదు. రామభజనకు పదిమందిని కూడగట్టి, రాత్రంతా క్రమం తప్పకుండా నడిపించగల మీకు గ్రామ కౌన్సిల్ పని కొత్త కాదు. ముందు మన సంఘంలోనే కార్యవర్గ సమావేశాలకు రండి, జమాఖర్చులు చూడండి, సందేహం వస్తే నిలబడి అడగండి. ఆపైన ఊరి కౌన్సిల్‌కు అభ్యర్థులుగా నిలబడండి. ఓడినా ఊరు తెలుస్తుంది, ఊరికి మీరు తెలుస్తారు.

18 ఏళ్ళు నిండినవారు ఓటర్ల జాబితాలో తమ పేరు ఉన్నదో లేదో తప్పక చూసుకోవాలి. మన పెద్దలు అక్షరాలు దిద్ది సంపాదించిన హక్కు ఇది. నేడు దానికి పరీక్ష లేదు, రుసుము లేదు. కావలసినది మన శ్రద్ధ ఒక్కటే.

సెలవు.