కాశీత్రోవలో దంపతులు



నాంపల్లి రైలుస్టేషను 1907లో వెలసినది. ఆబిడ్సునకు ఆ పేరు, ఆఱవ నిజాము మహబూబు అలీఖానుని కొలువులోనుండిన ఆల్బర్టు ఆబిదుని అంగడివలన వచ్చినది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో హైదరాబాదు చేరునప్పటికి ఆ స్టేషనును లేదు, ఆ అంగడియు లేదు. కాశికి కలిగినవారు పల్లకిలోను, తక్కినవారు కాలినడకను పోవుచుండిరి.

చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాషీయగు వీరాస్వామయ్యగారు 1830 మే 18న సకుటుంబముగా, గొప్ప పరివారముతో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. మజిలీలు, దూరములు, నీటివసతి, దొరకు సరకులు అన్నియు పద్దువలె వ్రాసిరి. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ అదియే. కరణములకు ఇంతకంటె రుచించు గ్రంథము అరుదు! అయినను మనకు దక్కినది ఆయన వ్రాత. వెంటనున్న ఆడువారి వ్రాత దక్కలేదు.

పెండ్లిలో వరుడు గొడుగు పట్టి కాశికి బయలుదేరును. బావమఱది బతిమాలి త్రిప్పును. ఆ వేడుకలో వధువునకు ప్రయాణమే లేదు. సప్తపదిలో కలిసి నడచునది ఏడడుగులు. అసలు నడక నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలము పోవు అడవిత్రోవలో తెలియును. ముందు నడచిన మగడు మెట్లమీద కూర్చుండి యుండును. ఆమె రాగానే “ఇక పోదము” అని లేచును. ఆయన విశ్రమించియే యున్నాడు, ఆమె యిప్పుడే వచ్చినది. ఆమెకు ఊపిరి తిరిగినపిదప లేచువాడే తోడు.

మన యూర ఆ త్రోవ నడచిన దంపతులెవరైన నున్నచో, గ్రంథాలయమువారు పోయి వారి యాత్రను వ్రాసికొందురుగాక. మొదట ఆమె నడుగవలెను.