స్కోరు బోర్డు ఎందుకు ఆరిపోయింది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి గురించి తీపి జ్ఞాపకాలు చెప్పమన్నారు. అవి నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను నెల క్రితం చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

ఉత్సవాల ఆటల పోటీలకు తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి ఒక ఎలక్ట్రానిక్ స్కోరు బోర్డు తయారుచేశాం. నాలుగు అంకెలు, అంకెకు ఏడు గీతలు, గీతకు ఆరు చిన్న ఎల్‌ఈడీ దీపాలు. మొత్తం 168. ఇవి రంగులు మార్చే డబ్ల్యూఎస్2812బి రకం స్ట్రిప్పులు. ఒక ఆర్డుయినో వీటిని నడుపుతుంది. ప్రోగ్రాం రాసింది ఒక అమ్మాయి. కరెంటు సంగతి నాది. ముప్పై ఏళ్ళుగా ఇంజినీరుని కదా, ఇంట్లో పడి ఉన్న 5 వోల్టుల, 4 ఆంపియర్ల అడాప్టర్ తెచ్చి తగిలించాను. ఎరుపు రంగులో 88-88 వేసి చూశాం. చక్కగా వెలిగింది.

గ్రౌండులో పెడితే ఎండకు ఎరుపు కనిపించలేదు. ఆ అమ్మాయి ప్రోగ్రాంలో రంగు తెలుపుకు మార్చింది. అంతే, బోర్డు వెలగడం, ఆరడం, మళ్ళీ వెలగడం. నేనేమన్నానో తెలుసా? "నిన్నటిదాకా బాగానే ఉంది, నువ్వు మార్చాకే పాడైంది. ప్రోగ్రాం సరిగ్గా చూసుకోమ్మా" అన్నాను, పదిమంది పిల్లల ముందు.

రెండు రోజులు ఆ ప్రోగ్రామునే తిరగరాసింది పాపం. మూడో రోజు నోటుబుక్కు తెచ్చి చూపించింది. రెండు వైపులా ఒకే అంకె వేస్తూ, ఏది వెలిగిందో రాసుకుంది. 1-1, 7-7, 4-4 వెలుగుతున్నాయి. 2-2, 3-3, 5-5 మినుకుమినుకుమంటున్నాయి. 6-6, 9-9, 0-0, 8-8 ఆరిపోతున్నాయి. "గీతలు ఎక్కువైతే ఆరిపోతోంది సార్" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ దీపంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఉంటాయి. ఒక్కోటి సుమారు 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. ఎరుపు ఒక్కటే అయితే 168 దీపాలకు 3.36 ఆంపియర్లు, నా అడాప్టర్ మోస్తుంది. తెలుపంటే మూడూ వెలగాలి. 88-88కి పది ఆంపియర్లు దాటుతుంది. 4-4కి 2.88 సరిపోయింది, 8-8కి 5.04 కావాలి. భారం మోయలేక అడాప్టర్ చతికిలపడితే, దాని మీదే బతుకుతున్న ఆర్డుయినో కూడా మళ్ళీ మొదటికొస్తోంది.

మా సైన్సు మాస్టారు లెక్కలో 'దత్తాంశం' రాయకపోతే, జవాబు సరైనా అర మార్కు కోసేవారు. ఆ దత్తాంశమే నేను రాయలేదు.

5 వోల్టుల, 20 ఆంపియర్ల సప్లై కొన్నాం. పది చాలదా అంటారేమో. ఎండలో, మూసిన పెట్టెలో అంచు దాకా పనిచేయిస్తే వేడెక్కుతుంది. అందుకే ఆ ఎడం.

అక్కడితో అయిపోలేదు. సప్లైని స్కోరర్ బల్ల దగ్గర పెట్టి, ఐదు మీటర్ల సన్నవైరు లాగాను. దూరపు అంకెలు పసుపు తిరిగాయి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ, రానుపోను పది మీటర్లంటే, పది ఆంపియర్లకు దాదాపు 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. ఉన్నవే ఐదు! సప్లైని బోర్డు వెనకే బిగించి, అక్కడిదాకా 230 వోల్టులు తీసుకెళ్ళాం. ఒక్కో అంకెకు విడిగా వైరు, విడిగా ఫ్యూజు ఇచ్చాం. ఎర్తింగు, 230 వోల్టుల వైపు మూత నేనే బిగించాను. అది పిల్లలకు వదిలే పని కాదు.

ఆ అమ్మాయి ఈ సభలోనే, మూడో వరసలో ఉంది. అమ్మా, నీ ప్రోగ్రాంలో మొదటి రోజు నుంచీ తప్పు లేదు. పదిమందిలో అన్న మాట కాబట్టి, ఇంతమందిలో చెబుతున్నాను. నన్ను క్షమించు.

సాయంత్రం కబడ్డీ ఫైనల్‌కు ఆ బోర్డే పెడుతున్నాం. నడిపేది తనే. అందరూ తప్పక రండి.