ముందు కారు పక్కకి తప్పుకుంటే? అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ వాడే ముందు ఇది వినండి

ఈ ఎపిసోడ్ మల్లాపూర్‌లో మా ఇంటి ముందే, కార్లో కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మధ్యలో లారీ హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి. ఒకవైపు నాచారం ఇండస్ట్రియల్ ఏరియా, ఇంకోవైపు చర్లపల్లి. మాకు లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. ఈరోజు చెప్పేది కూడా ఒక లారీ గురించే.

పోయిన నెల అక్కని శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో దింపి నేనూ నాన్నా తిరిగొస్తున్నాం. తెల్లవారుజామున నాలుగున్నర. ఓఆర్ఆర్ మీద ఘట్‌కేసర్ వైపు, కుడి నుంచి రెండో లేన్. అడాప్టివ్ క్రూజ్ 100కి పెట్టా. ముందు ఒక కారు 90లో పోతోంది, నా కారు కూడా దాని వెనకే 90లో బుద్ధిగా పోతోంది. నేను స్క్రీన్ మీద పాట మారుస్తున్నా.

ఉన్నట్టుండి ముందు కారు కుడి లేన్‌లోకి తప్పుకుంది. నా కారు ఏం చేసిందో తెలుసా? స్పీడ్ పెంచింది! ముందు ఎవరూ లేరు కదా, 100కి పోదాం అనుకుంది. అప్పుడే నాన్న అరిచాడు, "రేయ్, లారీ ఆగి ఉందిరా!" అని. లైట్లు లేవు, ట్రయాంగిల్ లేదు, వెనక రెండు చెట్టుకొమ్మలు పడేసి ఉన్నాయి, అంతే. బ్రేక్ తొక్కి ఎడమకి లాగేశా. ఆ లేన్ ఖాళీగా ఉంది కాబట్టి ఇవాళ ఈ వీడియో చేస్తున్నా.

ఘట్‌కేసర్‌లో దిగేదాకా నాన్న ఏం మాట్లాడలేదు. దిగినాక ఒక్కటే అడిగాడు: "బండి నువ్వు నడుపుతున్నవా, అదే నడుస్తుందా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి కారు మాన్యువల్ తీశా. కొన్నప్పటి నుంచి గ్లోవ్ బాక్స్‌లో కవర్ కూడా చింపకుండా ఉంది. అందులో స్పష్టంగా రాసి ఉంది: ఆగి ఉన్న వాహనాలను ఈ సిస్టమ్ గుర్తించకపోవచ్చు అని. కారు పాడవలేదు. అది ఎంతవరకు పనిచేస్తదో నేనే తెలుసుకోలేదు.

సరే, ఇది ఎలా పనిచేస్తదో చూద్దాం. మామూలు క్రూజ్ కంట్రోల్ మనం పెట్టిన స్పీడ్‌ని పట్టుకుని ఉంటది, అంతే. దాన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజనీర్‌కి చిన్నప్పుడే చూపు పోయింది. 1958లో క్రైస్లర్ కార్లలో అది వచ్చింది. తర్వాత 1999లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో రాడార్ పెట్టి, ముందు బండిని బట్టి స్పీడ్ తగ్గించేలా చేశారు. మన దగ్గర 2021లో ఎక్స్‌యూవీ700, ఎంజీ ఆస్టర్ వచ్చాక అందరి నోళ్లలో పడింది. 2024లో ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ లాంటి చిన్న ఎస్‌యూవీల్లోకి కూడా వచ్చేసింది.

మరి ఆగి ఉన్న లారీ ఎందుకు కనపడదు? రాడార్‌కి కనపడుతది, అసలు సమస్య అది కాదు. రాడార్ కొలిచేది ముందున్న వస్తువు మన వైపు ఎంత స్పీడ్‌లో వస్తుందో. మనం 100లో పోతుంటే ఆగి ఉన్న లారీ 100లో మన మీదికి వస్తున్నట్టు లెక్క. కానీ సైన్ బోర్డు, డివైడర్ రెయిలింగ్, ఫ్లైఓవర్ పిల్లర్ కూడా అదే 100లో వస్తున్నట్టే కదా! అన్నిటికీ బ్రేక్ వేస్తే కారు ప్రతి బోర్డు దగ్గరా ఆగుతది, వెనకోడు వచ్చి గుద్దుతాడు. అందుకే స్పీడ్‌లో ఉన్నప్పుడు కదలని వస్తువులను పెద్దగా పట్టించుకోకుండా సాఫ్ట్‌వేర్ రాస్తారు. నేను కొన్నేళ్లు కోడ్ రాసినోణ్ణే, ఆ ఇబ్బంది నాకు అర్థమైతది. కెమెరా సాయం చేస్తది, కొత్త కార్లలో ఇంకా మెరుగైంది. కానీ చీకట్లో లైట్లు లేని లారీ, అది కూడా చివరి క్షణంలో ముందు కారు తప్పుకున్నాక కనపడితే, కెమెరాకి కూడా టైమ్ చాలదు.

"బ్రో, ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేక్ ఉంది కదా?" అంటారు. ఉంది, అది వేరే సిస్టమ్. చాలాసార్లు దెబ్బ తగ్గిస్తది, ప్రతిసారీ ఆపుతదని గ్యారంటీ లేదు. క్రూజ్ వేసే బ్రేక్ అయితే మెత్తగా ఉంటది. గట్టి బ్రేక్ మీ కాలే వెయ్యాలి.

లెక్క చూడండి. 100 స్పీడ్ అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. పాట మారుస్తూ 2 సెకన్లు చూడకపోతే 56 మీటర్లు పోయినట్టే. తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ కొట్టినా ఇంకో 50 మీటర్లు. మొత్తం 100 దాటింది. వర్షం పడితే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు నేను ఎలా వాడుతున్నానో చెప్తా.

ఒకటి, గ్యాప్ ఎప్పుడూ ఎక్కువలోనే. స్టీరింగ్ మీద గ్యాప్ బటన్ ఉంటది, బార్లు కనిపిస్తాయి. ఒక్క బార్ పెట్టుకుని ముందు కారుకి అతుక్కుని పోవద్దు. మధ్యలోకి ఎవడో దూరుతాడని తగ్గిస్తారు కదా, దూరనివ్వండి, కారే మళ్లీ గ్యాప్ తీసుకుంటది.

రెండు, చూపు ముందు కారు మీద కాదు, దాని అవతలికి ఉండాలి. ముందు కారు ఇండికేటర్ వేసినా, కొంచెం పక్కకి జరిగినా, నా కాలు బ్రేక్ మీదికి పోతది. ఎందుకు జరిగాడో తెలిసేదాకా అక్కడే ఉంటది.

మూడు, కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి ఉంచొద్దు. మీరు తొక్కుతున్నంతసేపూ, మీరే నడుపుతున్నారనుకుని క్రూజ్ బ్రేక్ వెయ్యదు.

నాలుగు, రెజ్యూమ్ బటన్‌తో జాగ్రత్త. ఓఆర్ఆర్‌లో 100 పెట్టి ఘట్‌కేసర్‌లో దిగారు. నారపల్లి దగ్గర అలవాటుగా రెజ్యూమ్ నొక్కితే కారు మళ్లీ ఆ పాత 100కే ఉరుకుతది. ర్యాంప్ ఎక్కే ముందే పూర్తిగా ఆఫ్ చెయ్యండి. ర్యాంప్ మలుపులో ముందు బండి రాడార్ నుంచి తప్పిపోతది, అక్కడ కూడా కారు స్పీడ్ పెంచొచ్చు.

ఐదు, ఎక్కడ వాడొద్దో తెలిసి ఉండాలి. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి బోడుప్పల్, మేడిపల్లి దాకా నేను ముట్టుకోను. బైక్ సన్నగా ఉంటది, లేన్ అంచున పోతుంటే సెన్సర్‌కి అందకపోవచ్చు. ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే ఆటో, రోడ్డు దాటే మనిషి, గేదె, వీళ్ల కోసం ఇది చేసింది కాదు. టోల్ దగ్గర, జోరు వానలో, పొగమంచులో కూడా వద్దు. ఇంకొకటి, కొన్ని కార్లలో స్పీడ్ బాగా తగ్గితే క్రూజ్ దానంతటదే ఆఫ్ అయిపోతది. మీది ఏ రకమో మాన్యువల్‌లో చూసుకోండి.

ఆరు, సెన్సర్లు శుభ్రంగా ఉంచండి. కొత్త కారు పూజ అయ్యాక ముందు కట్టే నిమ్మకాయల దండ రాడార్ కవర్ మీద పడకుండా చూడండి. అద్దం మీద కెమెరా ముందు స్టిక్కర్, పసుపు బొట్టు వద్దు. దేవుడు ఏమీ అనుకోడు, కొంచెం పక్కకి పెట్టండి. బంపర్ ముందు ఇనుప క్రాష్ గార్డ్ అసలే వద్దు. వాటి మీద చర్య తీసుకోమని 2017లోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు చెప్పింది. బంపర్‌కి దెబ్బ తగిలినా, అద్దం మార్చినా, కాలిబ్రేషన్ చేశారా అని సర్వీస్ సెంటర్‌లో అడగండి.

ఓఆర్ఆర్ లిమిట్ 2023లో 100 నుంచి 120 అయింది కదా అని క్రూజ్ 120కి పెట్టేయకండి. అది కుడివైపు రెండు లేన్లకే, ఎడమ రెండిట్లో 80. రాత్రి పూట మీ హెడ్‌లైట్ ఎంత దూరం పడుతుందో దాన్ని బట్టి పెట్టుకోండి.

ఇంత చెప్పాక నేను క్రూజ్ వాడటం మానేశానా అంటే, లేదు. వరంగల్ హైవే మీద పగటిపూట వాడుతూనే ఉన్నా. కాలు నొప్పి తగ్గుతది, స్పీడ్ ఎక్కదు. నిజంగా మంచి ఫీచర్. కానీ కాలికి విశ్రాంతి ఇస్తే కంటికి పని పెరగాలి. నేను రెండిటికీ సెలవిచ్చా, ఆ రోజు రోడ్డు చూసింది కారు నడపడం రాని మా నాన్న.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఫీచర్ ఉన్న కారు కొత్తగా తీసుకుంటే వాళ్లకి ఈ వీడియో పంపండి. మీ కారు ఆగి ఉన్న బండిని చూసి ఏం చేసిందో కామెంట్‌లో చెప్పండి. ఎవరూ రోడ్డు మీద టెస్ట్ చెయ్యొద్దు, దండం పెడతా! వచ్చే ఎపిసోడ్‌లో లేన్ అసిస్ట్ గురించి మాట్లాడదాం. ఉంటా మరి, జాగ్రత్తగా పోండి.