పెలె దేవి యడవి
(ఉపన్యాస పాఠము)



హవాయి ఆదిమవాసులు కిలవేయా యగ్నిపర్వతమును పెలె దేవి నివాసముగా గొలుతురు. 1893లో వారి రాణి లిలియువొకలాని పదభ్రష్ట యయ్యెను. 1898లో అమెరికా ఆ దీవులను తనలో గలుపుకొనెను. నేల పోయిన పిమ్మట నేలక్రింది వేడిమికి మాత్రము వా రెట్లు యజమాను లగుదురు?

1976లో పూనా సీమయందు విద్యుత్తునకై ఆవిరిబావిని త్రవ్విరి. 1980వ దశకమున ప్రభుత్వము, వావొ కెలె ఒ పూనా యను సుమారు 25,000 ఎకరముల వర్షారణ్యమును, ఆ వేడిమి నిమిత్తమై, మార్పిడిగా నొక ప్రైవేటు ఎస్టేటున కొసంగెను. తరతరములుగా అందు వేటాడి, మూలికలు గోసికొను జనుల సమ్మతి నడిగినవారు లేరు. 1990లో వారు శాంతియుతముగా అడవి గుమ్మము దాటిరి; నూర్గురకు పైగా నిర్బంధితులైరి. 1992లో హవాయి సుప్రీముకోర్టు, పూర్వాచారహక్కులు స్వగ్రామపు పొలిమేర దాటియు చెల్లవచ్చునని తీర్పు చెప్పెను. 2006లో ఆ యడవి ఆదిమవాసుల హితమునకై యేర్పడిన ప్రభుత్వ కార్యాలయము పాలయ్యెను.

అయినను కథ ముగియలేదు. ఆ సీమలోనే 1993లో వేరొక విద్యుత్కేంద్రము వెలసెను. 2018లో లావా దానిని మూయించెను; 2020లో మరల నడపిరి.

మనము దీపమును ద్వేషింపము. ఆ దీపమున కెవరి నూనె పోయుచున్నామో, వారి నడిగితిమో లేదో విచారింతము.